బూరుగు చెక్క తాగిన నీళ్లు

రిటైరైన రోజున నా మెడలో దండ వేసి, సముద్రానికి నేను ఎనలేని సేవ చేశానని ఒక పెద్దమనిషి మాట్లాడాడు. సముద్రం తరఫున ఎవరూ రాలేదు కాబట్టి ఆ మాటను ఖండించినవాళ్లు లేరు.

నేను చేసింది పడవలు. ఇప్పుడు ఫైబర్ పడవల షెడ్లలో చేరుతున్న కుర్రాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, గట్టి పడవ మంచిదా, నడుమ చెక్క వేసిన పడవ మంచిదా అని అడుగుతుంటారు. మీకిచ్చే పుస్తకాల్లో దీనికి జవాబుంది. బొమ్మలూ ఉన్నాయి. ఆ జవాబు తప్పితే ఎవరి కాలు పోతుందో మాత్రం లేదు. ఆ లోటు పూడ్చడానికి ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ మెట్టు దక్కిందో, ఎవరు అడ్డుపడ్డారో రాయను. అది నా భార్యకు చెప్పి చెప్పి, ఆమె వినడం మానేసి చాలాకాలమైంది. ఒక్క పడవ సంగతి చెబుతాను.

సంతకం ఒకరిది, పని ఒకరిది

మాది తోటపల్లి గూడూరు దగ్గర వరి సేద్యం చేసుకునే ఇల్లు. నేను డిప్లొమా చదివి, అరవైల మొదట్లో ఒక సర్కారు పడవల షెడ్డులో సూపర్వైజరుగా చేరాను. మైపాడు ఒడ్డున ఇసుకలో వేసిన రేకుల షెడ్డది. నేలమీద చేసే పనులన్నీ అయిపోయాయా అని మా నాన్న అడిగాడు. దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఉద్యోగం మాత్రం ఉంది.

అక్కడ అసలు పని తెలిసినవాడు మస్తాన్ మేస్త్రి. నెల్లూరు సాయిబు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. తాత, తండ్రి అంతా వడ్రంగమే. చెక్కమీద అరచెయ్యి పెట్టి, అది ఇంకా ఎన్నాళ్లు ఆరాలో చెప్పేవాడు. నాకు సంతకం పెట్టే అధికారం ఉండేది, ఆయనకు పని తెలిసేది. ఈ రెండూ ఒకే మనిషి దగ్గర చేరకుండా సర్కారు చాలా జాగ్రత్త తీసుకుంటుంది.

మూడో ఏడు మాకు కొత్త పై అధికారి వచ్చాడు. పేరు చలపతిరావు గారు. ఆరు నెలలు ఏదో చలిదేశంలో ఫైబర్ పడవల పని నేర్చుకుని వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక ఉన్ని కోటు, ఒక పెద్ద పుస్తకం, అరచేతి వెడల్పు పడవ ముక్క ఒకటి తెచ్చుకున్నాడు. మైపాడు ఎండలో ఆ కోటు మూడు రోజులు నిలిచింది. పుస్తకం, ముక్క మాత్రం ఆయన్ని ఎప్పుడూ వదల్లేదు. ఎవరు కనిపించినా ఆ ముక్కను రెండు ఇటుకల మీద అడ్డంగా పెట్టి, ఎక్కి నిలబడమనేవాడు. టీ తెచ్చినవాడు నిలబడ్డాడు, పోస్టుమాను నిలబడ్డాడు, తనిఖీకి వచ్చిన డాక్టరు కూడా నిలబడ్డాడు. ముక్క వంగలేదు. మా ఉద్యోగాలన్నీ ఆ ముక్క మీదే నిలబడి ఉన్నాయని అప్పటికి మాకు తెలియదు.

ఆ ముక్కలో ఏముంది

గాజు పీచుతో నేసిన గుడ్డను రెసిన్ అనే జిగురులో తడిపి, అచ్చులో పొర మీద పొర వేసుకుంటూ పోతే ఆరాక రాయిలా గట్టిపడుతుంది. చిటికెనవేలి మందం వచ్చేదాకా ఆ పొరలే వేస్తే అది గట్టి పడవ. అలా కాకుండా బయట పలచగా రెండు పొరలు వేసి, వాటి మీద తేలికైన చెక్క పరిచి, లోపలి వైపు మళ్లీ రెండు పొరలు వేస్తే అది నడుమ చెక్క ఉన్న పడవ. చలపతిరావు గారి ముక్క అలాంటి పడవదే. మందం పెరుగుతుంది, బరువు తగ్గుతుంది. రెండు పొరలూ ఎడంగా ఉండటమే దాని బలం. ఆ ఎడాన్ని నిలపడమే చెక్క పని. పొరలు చెక్కను అంటుకుని ఉన్నంతసేపు ఆ పడవకు సాటి లేదు. ఊడితే మిగిలేవి రెండు అప్పడాలు.

చలపతిరావు గారు తెలివితక్కువవాడు కాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత నేను చెప్పేవి వింటే మీకు అలా అనిపిస్తుంది. మా ఒడ్డున అప్పట్లో హార్బరు లేదు. వేట నుంచి వచ్చిన పడవను ప్రతిరోజూ అలల్లోంచి ఇసుక మీదికి మనుషులే లాగాలి. నలభై దాటకుండానే జాలర్లకు నడుములు పోయేవి. తేలికైన పడవ కావాలన్న ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజం. మంచి మాటను పట్టుకుని చెడ్డపని ఎలా చెయ్యవచ్చో చూపించడానికి ఆయనకు నాలాంటి సూపర్వైజరు ఒకడు కావలసి వచ్చింది.

మొదట గట్టి పడవ ఒకటి చేశాం. పుస్తకం చలిదేశానిది, రెసిన్ కలిపింది రోహిణి కార్తెలో. పుస్తకం ప్రకారం ముప్పావుగంట పలచగా ఉండాల్సిన జిగురు ఐదు నిమిషాల్లో బకెట్లోనే పొగలు కక్కి, బ్రష్షుతో సహా గడ్డకట్టింది. చలపతిరావు గారు పుస్తకం తిరగేసి, ఇలా జరగడానికి వీల్లేదన్నాడు. బకెట్ పుస్తకం చదవలేదు. ఆ మర్నాటి నుంచి మేస్త్రి తెల్లారకముందే పని మొదలుపెట్టించి, ఎండెక్కేసరికి ఆపించేవాడు. గట్టి పడవ బాగానే వచ్చింది, బరువుగా వచ్చింది. దాన్ని ఒడ్డుకు లాగడానికి ఎనిమిదిమంది కావలసి వచ్చింది. చూసినవాళ్లంతా పెదవి విరిచారు.

నిలబెట్టాల్సిన చెక్క

రెండోది నడుమ చెక్క వేసిన పడవ. ఆ చలిదేశంలో వాడే తేలికచెక్క మనకు తెప్పించుకోవడానికి విదేశీ మారకం దొరకదన్నారు. దాని బదులు బూరుగు చెక్క వాడదామన్నాడు చలపతిరావు గారు. అది కూడా తేలికే, తప్పులేదు. తప్పు దాన్ని పరచడంలో జరిగింది.

ఆ పుస్తకంలో చెక్కను చిన్న చిన్న చదరాలుగా కోసి, నార నిలువుగా ఉండేట్టు పేర్చాలని ఉంది. మస్తాన్ మేస్త్రికి చదువు రాదు. పుస్తకంలో బొమ్మ చూసి సంగతి పట్టుకున్నాడు. మేము పొడుగు పలకలు పడుకోబెట్టి పరుస్తుంటే నన్ను పక్కకు పిలిచాడు.

“అబ్బయ్యా, చెక్కని పడుకోబెడితే ఒక మూల తాగిన నీళ్లు ఆ మూల దాకా పోతాయి. నిలబెడితే తాగినకాడే ఆగుతాయి. ఆ దేశమోళ్లు ఊరకే గీసుండరు ఆ బొమ్మ.”

నేను ఆ మాట పైకి చేరవేశాను. చదరాలు కోసి పేర్చాలంటే రెండు నెలలు పడుతుందనీ, అంత వ్యవధి లేదనీ చలపతిరావు గారు చెప్పాడు. రాజధాని నుంచి ఒక పెద్దాయన వచ్చి పడవను సముద్రంలోకి తోసే ముహూర్తం అప్పటికే ఖాయమైంది. అయినా చుట్టూ పొర ఉంటుంది కదా, నీళ్లు లోపలికి ఎలా పోతాయి అన్నాడు చలపతిరావు గారు. అది సరైన ప్రశ్నే. నీళ్లు లోపలికి పోయే దారి వేసినవాణ్ణి నేను.

పడవ పూర్తయి, రంగు వేశాక, ఇసుక మీద లాగితే అడుగు అరుగుతుందని ఎవరికో గుర్తొచ్చింది. అడుగున మూడు ఇనుప పట్టీలు బిగించమని కబురు వచ్చింది. పట్టీలకు మరలు కావాలి, మరలకు రంధ్రాలు కావాలి. గట్టి పడవకైతే రంధ్రం వేస్తే రంధ్రమే. దీనికి వేస్తే అది బూరుగు చెక్కకు నోరు తెరిచినట్టు. పట్టీ వచ్చే మేరంతా చెక్క తీసేసి, గాజు పొరలతో గట్టిగా నింపి, అప్పుడు మర దించాలని మేస్త్రి అన్నాడు. ముహూర్తానికి రెండు రోజులే ఉంది. నేను నేరుగా మరలు దించమన్నాను. తలల చుట్టూ కాస్త రెసిన్ పూయించి, పైన నీలం రంగు వేయించాను. మరలు ఇలా నేరుగా దించిన సంగతి చలపతిరావు గారికి తెలియదు. అడిగి ఉంటే ఆయన ఆపేవాడేమో. అడిగితే ఆపుతాడన్న భయంతోనే నేను అడగలేదు.

ముహూర్తం దివ్యంగా జరిగింది. నలుగురు కుర్రాళ్లు ఆ పడవను పల్లకీలా ఎత్తి నీళ్లలో పెట్టారు. పెద్దాయన చప్పట్లు కొట్టాడు.

బరువెక్కిన పడవ

ఆ పడవ సోమయ్య జట్టుకు ఇచ్చాం. మైపాడులో అలల మీదుగా పడవ తేవడంలో సోమయ్యకు మంచి పేరు. అతని భార్య మంగమ్మ తలమీద గంపతో ఊళ్లు తిరిగి చేపలమ్మేది. ఆమె తమ్ముడు పోలయ్య బావ పక్కనే తెడ్డు వేసేవాడు. ఇరవై రెండేళ్లుంటాయి, పెళ్లి కుదిరి ఉంది. గట్టి పడవ ఇంకో జట్టుకు పోయింది. వాళ్లు మమ్మల్ని తిట్టుకుంటూనే తీసుకున్నారు.

మూడు నాలుగు నెలలు సోమయ్య పడవ గురించే ఒడ్డంతా చెప్పుకున్నారు. తర్వాత ఒకరోజు పొద్దున సోమయ్య షెడ్డుకు వచ్చాడు. చలపతిరావు గారు, నేను బల్ల దగ్గర టీ తాగుతున్నాం. సోమయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“పడవ బరువెక్కతా ఉండాది సార్” అన్నాడు. “నలుగురం లాగేది ఇప్పుడు ఏడుగురం లాగతన్నాం. లోపల నీళ్లేం లేవు. యాడ నుంచి వస్తాందో తెలవడంలా.”

పడవ బరువెక్కలేదు, నీ జట్టు తిండి తగ్గించింది అన్నాడు చలపతిరావు గారు. నేను నవ్వాను. పెద్ద హాస్యం కాదది. పై అధికారి హాస్యం, అంతే. సోమయ్య కూడా మర్యాదకు కాస్త నవ్వాడు. అవతల పని చేసుకుంటున్న మేస్త్రి మాత్రం నవ్వలేదు. పడవను నెల రోజులు ఒడ్డున పెట్టించి, పట్టీలు విప్పి చూద్దామని నాతో విడిగా అన్నాడు. విప్పితే నా మరలు బయటపడతాయి. అందుకని సోమయ్యకు ఒక డబ్బా నీలం రంగు ఇచ్చి పంపాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నిట్లోకీ ఆ డబ్బా పెద్దది. మరలు దించిన రోజు తొందరలో ఉన్నాను. డబ్బా ఇచ్చిన రోజు నాకు ఏ తొందరా లేదు.

కార్తీకంలో ఈశాన్యపు గాలులు మొదలయ్యాయి. రెండు రోజులు వేట లేదు. మూడోరోజు పొద్దున గాలి కాస్త తగ్గిందని పడవలు వెళ్లాయి. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర అల సోమయ్య పడవను ఎత్తి ఇసుక మీద కొట్టింది. మంచి పడవకు అది రోజూ తగిలే దెబ్బే. దీనికి మాత్రం అడుగు పట్టీ ఊడింది. పట్టీతో పాటు బయటి పొర నిలువునా లేచింది. ఒక పక్క కుంగి, నీళ్లు నిండి, పడవ అలకు అడ్డం తిరిగింది. తాడు పట్టుకుని నీళ్లలోకి దూకిన పోలయ్య కుడికాలి మీద అది పడింది.

నేను షెడ్డులోంచి పరుగెత్తి వెళ్లాను. నలుగురు ఎత్తి నీళ్లలో పెట్టిన పడవ అది. ఆ రోజు పన్నెండు మంది పట్టినా లేవలేదు. చెక్క నిండా నీళ్లే. అల వెనక్కి పోయినప్పుడల్లా అది పోలయ్య మోకాలి మీద ఇంకాస్త దిగేది. గట్టి పడవ జట్టువాళ్లు తమ తెరచాప కొయ్య తెచ్చి, కింద దూర్చి, మీటగా వేసి లేపారు. మంగమ్మ తమ్ముడి తలను నీళ్లపైకి ఎత్తి పట్టుకుని కూర్చుంది. ఆమె ఏడవలేదు. ప్రతి అలకూ అతని నోరు చేత్తో మూస్తూ, అల పోగానే తీస్తూ ఉంది. నేను కూడా కొయ్యకు భుజం ఆనించాను. నన్నెవరూ వద్దనలేదు, రమ్మనలేదు.

కాలు తీసెయ్యకుండా నెల్లూరు ఆస్పత్రిలో బతికించారు. కానీ మోకాలు మళ్లీ వంగలేదు. పెళ్లి తప్పిపోయింది.

వేలిముద్ర

నాలుగో రోజుకల్లా చలపతిరావు గారు నివేదిక తయారు చేశాడు. జాలర్ల అజాగ్రత్త, మితిమీరిన వేగం, శాస్త్రీయ పరికరాల పట్ల అవగాహన లోపం. ఇంగ్లీషు చాలా బాగుంది. కింద నా సంతకానికి చోటు వదిలాడు. నేను సంతకం పెట్టేసేవాణ్ణే. ఇక్కడ గొప్పలు పోవడంలో అర్థం లేదు. ఆ మధ్యాహ్నం మేస్త్రి రంపం తీసుకుని నన్ను రమ్మన్నాడు. ఒడ్డున బోర్లా పడి ఉన్న పడవ అడుగును పట్టీ వెంట కోశాడు. రంపం దిగినచోటల్లా నల్లటి నీళ్లు కారాయి. లోపల బూరుగు చెక్క వేళ్లతో తీస్తే తడి తవుడులా వచ్చింది. నేను దించమన్న మరలు వరసగా, తుప్పు పట్టి, ఒక్కొక్కదాని చుట్టూ కుళ్లు. మేస్త్రి చెప్పినట్టే నీళ్లు ఈ మూల నుంచి ఆ మూల దాకా పోయాయి.

నాకప్పుడు కళ్లు తెరుచుకున్నాయని రాస్తే బాగుంటుంది. తెరుచుకోలేదు. భయం వేసింది. ఇదంతా నేనెలా రాసేది మేస్త్రీ అన్నాను.

“నువ్వు రాయకపోతే నేను రాయలేను అబ్బయ్యా” అన్నాడాయన. “నాకు వేలిముద్రే గదా.”

రంపం తుడుచుకుని షెడ్డుకు వెళ్లిపోయాడు.

నేను విడిగా ఒక కాగితం రాసి పెట్టాను. చెక్క పరచడంలో తప్పు మా అందరిదీ, మరలు నావి, రంగు డబ్బా నాది అని రాశాను. చలపతిరావు గారు అది చదివి, ఒక మంచి విద్యను నాశనం చేశావన్నాడు. ఆ మాట నిజమే. ఆ విద్యలో లోపం లేదు, మేం చేసినదాంట్లో ఉంది. తప్పు ఒప్పుకున్నందుకు నన్ను సముద్రం కనపడనంత దూరాన ఒక చేపల చెరువు గట్టుమీదికి బదిలీ చేశారు. ఒప్పుకోనందుకు ఆయన్ని రాజధానికి పంపారు. సర్కారు ఇద్దరికీ తగిన చోటే చూపించింది.

వెళ్లేముందు సోమయ్య ఇంటికి పోయాను. పోలయ్య లోపల మంచం మీద ఉన్నాడు. అంతా చెప్పాను. సోమయ్య తలవంచుకుని విన్నాడు. చేటలో బియ్యం ఏరుకుంటున్న మంగమ్మ చెయ్యి ఆపి అడిగింది.

“బరువెక్కిందని మా ఆయన చెప్పను వచ్చినరోజు మీరు నవ్వినారంట గదా?”

“అవునమ్మా, నవ్వాను.”

“మరల సంగతి తొందరలో జరిగింది, సరే. నవ్వింది దేనికి?”

అడిగేసి ఆమె మళ్లీ బియ్యం ఏరుకుంది. నేను లేచి వచ్చేశాను.

ఎక్కడ గట్టిగా, ఎక్కడ తేలిగ్గా

ఏడాదిన్నరకు నన్ను మళ్లీ మైపాడుకే వేశారు. ఫైబర్ పని తెలిసిన సూపర్వైజరు ఇంకొకడు దొరకలేదట. ఈలోగా నడుమ చెక్క అన్న మాటే ఎత్తకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చి ఉంది. ఒకప్పుడు ఆ ముక్క ఎక్కి నిలబడ్డవాళ్లే ఇప్పుడు దాని పేరెత్తితే చెవులు మూసుకునేవాళ్లు. అన్నీ గట్టి పడవలే చేస్తున్నారు. జాలర్ల నడుములు మళ్లీ పోతున్నాయి. ఒక తప్పు నుంచి మనవాళ్లు ఎప్పుడూ ఇంకో తప్పే నేర్చుకుంటారు.

మేస్త్రి, నేను ఆరు నెలలు ఉత్తరాలు పెట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒక్క పడవకు అనుమతి తెచ్చుకున్నాం. ఇసుక తగిలే అడుగంతా గట్టిగా పొరలే. పై పక్కల్లో, కూర్చునే బల్లల్లో మాత్రం బూరుగు చదరాలు, నార నిలబెట్టి, మేస్త్రి చేత్తో పేర్చినవి. మర దిగే ప్రతిచోటా చెక్క తీసేసి నింపాం. మీకు నేను చెప్పగలిగిన సాంకేతిక సలహా అంతా ఇదే. ఏది మంచిదని అడగకండి, ఎక్కడ ఏది అని అడగండి. అడిగాక, మీకంటే తక్కువ జీతం వచ్చేవాడు చెప్పే జవాబు కూడా వినండి.

పోలయ్యను షెడ్డులోకి తెచ్చింది మేస్త్రే. కర్ర సుత్తితో పడవ ఒళ్లంతా తట్టి చూడటం నేర్పాడు. పొర చెక్కను అంటుకుని ఉంటే ఒక చప్పుడు, ఊడి ఉంటే పగిలిన కుండ చప్పుడు. పుట్టినప్పటి నుంచీ అలల చప్పుడు బట్టి దారి చూసుకున్న చెవులవి, నెలలోనే మేస్త్రిని మించిపోయాడు. నాతో మాత్రం పని మాట తప్ప మాట్లాడేవాడు కాడు. సార్ అనేవాడు, కళ్లు ఇంకోవైపు ఉండేవి.

పడవ పూర్తయింది. ఎల్లుండి జాలర్లకు అప్పగించాలి. పోలయ్య వంగని కాలు ఈడ్చుకుంటూ పడవ చుట్టూ తిరిగి, పొద్దంతా తట్టాడు. సాయంత్రానికి కుడిపక్క నున్నగా మెరుస్తున్నచోట సుద్దతో సున్నా చుట్టాడు.

“ఇక్కడ కొయ్యండి సార్.”

నేను తట్టి విన్నాను. నా చెవికి బాగానే ఉంది. కోస్తే మళ్లీ పొరలు వెయ్యాలి, ఆరాలి, రంగు వెయ్యాలి. అప్పగించే రోజు తప్పుతుంది, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. మేస్త్రి వైపు చూశాను. ఆయన బీడీ వెలిగించుకుంటున్నాడు. నేను రంపం తెచ్చి, అరచెయ్యంత మేర కోశాను. చెక్క ఎముకలా ఆరి ఉంది. ఉలి పెట్టి కొట్టినా పొర ఊడలేదు. ముక్కను పోలయ్య చేతికిచ్చాను. అతను బొటనవేలితో చెక్కను రుద్ది చూశాడు.

“బాగుండాదని నాకు తెలుసు సార్” అన్నాడు. “చప్పుడు బాగానే ఉండాది.”

“మరి ఎందుకు కొయ్యమన్నావు?”

పోలయ్య మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

“మీరు కోస్తారా లేదా చూద్దామని.”

ఆ చోటు నేనే పూడ్చాను. రెండు రోజులు పట్టింది, అప్పగించే రోజు తప్పింది.